శుక్రవారం కాటా

శుక్రవారం వచ్చిందంటే శ్రీరమ్య సంచి ఉబ్బిపోతుంది. మిగతా రోజుల్లో అందులో అన్నం డబ్బా, నీళ్ల సీసా, ఫోన్ చార్జరు తప్ప ఏమీ ఉండవు. శుక్రవారం మాత్రం వాటి మీద పిల్లవాడి బట్టలు, పాల సీసా, దగ్గు మందు, తువ్వాలు, చక్రం ఊడిపోయిన బొమ్మ లారీ వచ్చి కూర్చుంటాయి. స్కూటీ ముందర చైతూ నిలబడతాడు. రెండున్నరేళ్ల వాడికి హారన్ మీట ఎక్కడుందో తెలిసిపోయింది. పర్చూరు దాటి ఇంకొల్లు రోడ్డెక్కేదాకా ఎదురొచ్చిన ప్రతి గేదెకూ ఒకసారి మోగిస్తాడు. రెండు మోకాళ్లతో వాణ్ణి అదిమి పట్టుకుని, ముందు వచ్చే పత్తి ట్రాక్టరు ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ నడిపే ఆ కాస్త దారిలోనే ఆమెకు రోజంతా పనిచేసినంత అలసట వచ్చేస్తుంది.

రోడ్డు పక్కన జిన్నింగ్ మిల్లు, మిల్లు గేటు ముందు అలీ సాహెబ్ కాటా. పత్తి తెచ్చిన ట్రాక్టరు ముందు ఆ ఇనుప పలక మీదికెక్కి నిండు బరువు తూగుతుంది. లోపలికెళ్లి సరుకు దింపి, ఖాళీగా వచ్చి మళ్లీ తూగుతుంది. రెండింటికీ తేడా ఎంతో అంత పత్తి. పక్కనున్న చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రెండు తూకాలూ పట్టి చీటీ తీసి ఇవ్వడం శ్రీరమ్య ఉద్యోగం. డిగ్రీలో ఆమె చదివింది మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. చదివిన దానికీ చేసే పనికీ పెద్ద పొంతన లేదని మొదట్లో అనిపించేది. పిల్లవాడు పుట్టాక అలా అనుకునే తీరిక పోయింది. భర్త వరికోత మిషన్ నడుపుతాడు. పంట ఎక్కడ కోతకొస్తే అక్కడే ఉంటాడు. సీజన్లో ఇంటి ముఖం చూసేది తక్కువ.

రోజూ చైతూని చూసుకునేది అత్తగారు వెంకటేశ్వరమ్మ. దసరా వెళ్లాక ఆమె మోకాళ్లు మొండికేశాయి. గుంటూరు నుంచి ఎముకల డాక్టరు శుక్రవారాలు మాత్రమే పర్చూరు వస్తాడు. ఆ రోజు పొద్దుటే వెళ్లి వరసలో కూర్చుని, మోకాళ్లకు కరెంటు పెట్టించుకుని వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అందుకని శుక్రవారం పూట పిల్లవాడు తల్లితో పాటు కాటా గదికి వస్తున్నాడు.

వాడు వచ్చినందుకు అందరికంటే సంబరపడేది కాటా దగ్గర కాపలా ఉండే యలమందయ్య. చేతిలో కర్ర, భుజాన తువ్వాలు, గొంతులో మాత్రం లౌడ్‌స్పీకరు. పలక మీది ట్రాక్టరు మీద ఎవరైనా కూర్చుని ఉంటే, ఆ గొంతుతో ఒక్క కేక వేసి దింపేస్తాడు. అదే గొంతు తగ్గించి చైతూకి లారీల పేర్లు నేర్పుతాడు. పత్తి తొక్కే బోరెం సంచి ఒకటి విప్పి గది వెనక రేకుల పంచలో ఉయ్యాల కట్టింది కూడా ఆయనే.

"నువ్వెళ్లి పని చూసుకో తల్లీ. ఈ బుడ్డోడి సంగతి నాకొదిలెయ్" అంటాడు.

ఆమె వదల్లేదు. మనసులో ఎప్పుడూ ఒక తలుపు తెరిచే ఉంటుంది. ట్రాక్టరు వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవరుకి అంత ఎత్తు పిల్లవాడు కనపడడు. గాలిలో ఎగిరే పత్తి నూగు వాడి ఊపిరితిత్తుల్లోకి ఎంత పోతోందో తెలీదు. పక్క లారీలో మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు ఉంటే ఘాటుకి వాడు దగ్గుతాడు. ఆ దగ్గు మామూలు దగ్గా, ఆయాసమా అని చెవి ఒగ్గి వింటుంది. అలా వింటూనే ఎదుటి రైతు చెప్పే ట్రాక్టరు నంబరు తప్పుగా కొడుతుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కాసేపు కాటా ఆగింది. అలీ సాహెబ్ జుమ్మా నమాజుకి ఊళ్లోకి వెళ్లినప్పుడు ఎప్పుడూ ఆగుతుంది. ఆ ఖాళీలో యలమందయ్య కాటాకి పూజ చేస్తాడు. ఇనుప పలక కడిగి నాలుగు మూలలా నిమ్మకాయ కోసి పెడతాడు. తర్వాత గదిలోకొచ్చి, బల్ల, బరువు చూపించే ఎర్ర అంకెల డబ్బా, కంప్యూటరు అన్నీ తడిగుడ్డతో తుడిచి పసుపు, కుంకుమ బొట్లు పెడతాడు. నూగు దట్టంగా పేరుకున్న చోట ఆ తుడవడం నిజంగా అవసరమే. సాంబ్రాణి కడ్డీలు తెచ్చి ఇచ్చేది అలీ సాహెబే. "నేను అక్కడ చేసేది అక్కడ చేస్తా, యలమందయ్య ఇక్కడ చేసేది ఇక్కడ చేస్తాడు, కాటా సరిగ్గా తూగితే చాలు" అంటాడాయన. ఆ సమయంలో శ్రీరమ్య వెనక పంచలో పిల్లవాడికి అన్నం తినిపిస్తూ ఉంటుంది. ఒక్కో ముద్దకి ఒక్కో లారీ చూపించాలి.

జుమ్మా అయ్యాక మళ్లీ వరస కదిలింది. శ్రీరమ్య చేతులు కడుక్కుని కూర్చుంది. కంప్యూటర్‌లో కాటా అంకె రాలేదు. సెట్టింగులు తెరిచి పోర్టు నంబరు మార్చింది, వచ్చింది. ఒక ట్రాక్టరు, దాని వెనక ఇంకొకటి, తర్వాత గడ్డి లారీ. అంతా సాఫీగానే నడిచింది. ద్రోణాదుల రైతు ఒకాయన నిండు బండి తూచుకుని లోపల పత్తి దింపి, ఖాళీ ట్రాక్టరుతో తిరిగొచ్చి పలక మీద పెట్టాడు. ఆమె బరువు పట్టే మీట నొక్కింది.

తెర మొత్తం నీలం అయిపోయింది. దాని మీద పక్కకు తిరిగిన ఏడుపు మొహం బొమ్మ, కింద ఇంగ్లీషులో రెండు వరసలు.

"అమ్మా, ఏడుత్తంది" అన్నాడు చైతూ, కుర్చీ పక్కన నిలబడి వేలు చూపిస్తూ. వాడికి ఆ మొహం బాగా పరిచయం. అది వచ్చినప్పుడల్లా జాలిపడతాడు.

కంప్యూటర్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలైంది. లేచాక చూస్తే ద్రోణాదుల బండి నిండు తూకం అందులో లేదు.

"ఏందమ్మా ఇది? నా పత్తి లోపల కుప్పలో కలిసిపోయింది. ఇప్పుడు నిండు బరువు లేదంటే, కుప్పలోంచి నా పత్తి ఏరి మళ్లీ ఎత్తమంటావా?" అని ఆ రైతు కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"నేను మీ బరువు కాగితం మీద రాసి పెట్టానండి. ఇదుగో."

"చేతిరాత కాటా మాకొద్దు. దాంతోనే మా నాయన జన్మంతా మోసపోయాడు. మిషన్ అంకె కావాలి."

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "ఒరేయ్, అది కాటా కాదురా, గారడీ! శుక్రవారం శుక్రవారం చూపిస్తారు."

అందరూ నవ్వారు. శ్రీరమ్య నవ్వలేదు. అప్పుడే నెత్తిన టోపీతో వచ్చిన అలీ సాహెబ్ కూడా నవ్వలేదు. ఆ రైతుని పక్కకు తీసుకెళ్లి, లోపల దింపిన హమాలీలను సాక్ష్యం పిలిపించి, ఎలాగో సర్ది పంపాడు. తర్వాత గదిలోకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు తేలికయ్యేది.

"అమ్మాయ్ రమ్యా, నాకూ మనవలున్నారు. పిల్లలు ముట్టుకోకుండా ఉంటారా? కానీ దసరా తర్వాత నుంచి చూస్తున్నా. వీడొచ్చిన రోజే ఇది పడిపోతోంది. వీడు రాని రోజు పడట్లేదు."

"మధ్యలో ఒక శుక్రవారం పడలేదండి."

"ఆ రోజు వాడు నిద్రపోయాడు. నేను చూశాగా."

నిజమే, ఆ రోజు వాడికి కాస్త జ్వరంగా ఉండి పంచలోనే పడుకున్నాడు.

"వచ్చే శుక్రవారం పిల్లోడు ఈ గదిలో ఉండకూడదు. నీకు వీలు కాకపోతే ఆ ఒక్క రోజూ మిల్లులో పనిచేసే మాలిక్‌ని కూర్చోబెడతా. కుర్రాడు ఖాళీగానే ఉన్నాడు."

ఒక్క రోజే అన్నాడు. కానీ వారంలో ఒక్క రోజు కూర్చున్నవాడికి మిగతా రోజులు నేర్చుకోవడం ఎంతసేపు? ఇంటికి వెళ్తూ దారంతా ఆమె ఆ లెక్కే వేసుకుంది. ముందు చైతూ హారన్ మోగిస్తూనే ఉన్నాడు. వాడు నేరస్థుడన్న సంగతి వాడికి తెలీదు.

మర్నాడు, తెర పడిపోయిన ప్రతిసారీ లాగే, చిలకలూరిపేట నుంచి కోటేష్ వచ్చాడు. ఈ చుట్టుపక్కల కాటాలన్నిటికీ కంప్యూటర్లు చూసేది అతనే. వచ్చీరాగానే వైర్లన్నీ పీకి, కంప్యూటర్ డబ్బా విప్పి, నూగు ఊదాడు. మెమరీ ముక్కలు తీసి రబ్బరుతో రుద్ది పెట్టాడు. అన్నీ బిగించి, ఆఖర్న కీబోర్డు తిరగేసి బల్ల మీద కొట్టాడు. బిస్కెట్ పొడి రాలింది. ఒక చోట పొడి కుప్పలో పూర్తి ముక్కే ఉంది.

"అక్కా, ఇదీ జబ్బు" అన్నాడు కోటేష్ నవ్వుతూ.

"బిస్కెట్‌కి నీలం తెర వస్తుందా కోటేష్?"

"రాదనుకో. కానీ పిల్లలు ఏం నొక్కుతారో, ఏం డిలీట్ చేస్తారో ఎవరు చూశారు? ఇప్పుడు చూడు, బంగారంలా నడుస్తోంది."

నిజంగానే నడిచింది. శనివారం నడిచింది, సోమవారం నడిచింది. బిస్కెట్ సంగతి అలీ సాహెబ్ దాకా వెళ్లిందని మాత్రం ఆయన చూసిన చూపులో తెలిసింది.

ఇంట్లో వెంకటేశ్వరమ్మకి విషయం తెలిసిపోయింది. కోడలు చెప్పలేదు. మనవడే "తాత కోప్పడ్డాడు, ఏడుపు మొహం వచ్చింది" అని చెప్పాడు. సాయంత్రం గడప మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఆమె అంది.

"నేను ఆ కరెంటు మానేస్తాలే రమ్యా. పెట్టించుకున్నా ఇంతే, పెట్టించుకోకపోయినా ఇంతే."

"పోయిన నెల మెట్లు దిగలేకపోయారు అత్తయ్యా. ఇప్పుడు దిగుతున్నారు. ఇంతే ఎలా అవుతుంది?"

"మరి నీ కూలి పోతే?"

"పోదు."

అంత గట్టిగా ఎందుకు అన్నదో ఆమెకే తెలీదు. అప్పటికి తనలోనే నమ్మకం పోయింది. వాడు నిజంగానే ఏదో నొక్కుతున్నాడేమో. తను కిటికీ వైపు తిరిగి చీటీ అందించేటప్పుడు, ఆ రెండు క్షణాల్లో. కన్నతల్లి అయి ఉండీ వాణ్ణి అనుమానిస్తున్నందుకు సిగ్గేసింది. అనుమానించకపోతే మరి కారణం ఏమిటో చెప్పాలి కదా అని విసుగూ వచ్చింది.

ఫోన్ తీసి, నీలం తెరకి తను తీసిన ఫొటోలు చూసింది. ప్రతిసారీ తీసింది. అన్నిటి అడుగునా ఒకే ఫైలు పేరు ఉంది. వెతికితే, అది ఒక డ్రైవర్ తాలూకు ఫైలని తేలింది. కంప్యూటర్‌కి ఏ వస్తువు తగిలించినా, ఆ వస్తువు చెప్పేది దానికి అర్థమయ్యేలా చేరవేయడానికి ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అదే డ్రైవర్. ఈ ఫైలు కాటా డబ్బా నుంచి కంప్యూటర్‌కి అంకెలు తెచ్చే వైరుది. అంటే కూలుతున్నది కీబోర్డు దగ్గర కాదు, ఆ వైరు దగ్గర. పిల్లవాడి చేతులు అక్కడికి అందవు. ఆ మాట అలీ సాహెబ్‌కి చెప్పినా లాభం లేదు. అయితే ఆ వైరు శుక్రవారమే ఎందుకు చెడుతోంది, మిగతా రోజులు అదే వైరు కదా అంటాడు. ఆయన అడగక ముందే ఆ ప్రశ్న ఆమెను పీక్కు తింటోంది.

డిగ్రీలో ఫిజిక్స్ ల్యాబు మాస్టారు ఒకటే చెప్పేవారు. ప్రయోగం తప్పినప్పుడు అన్నీ ఒకేసారి మార్చకండి, ఒక్కటి మార్చి చూడండి. మంగళవారం, బుధవారం తూకాల మధ్యన ఆమె అదే ఆలోచించింది. శుక్రవారానికీ మిగతా రోజులకూ తేడాలేమిటి? పిల్లవాడు వస్తాడు. జుమ్మాకి కాటా ఆగుతుంది. యలమందయ్య పూజ చేస్తాడు. పిల్లవాడు ఒక్కడే అందరి కళ్లకీ కనపడుతున్నాడు. ఎందుకంటే అల్లరి చేసేది వాడొక్కడే.

గురువారం మధ్యాహ్నం చీటీల కట్ట కింద పడింది. తీయడానికి బల్ల కిందికి దూరితే, గోడకీ కంప్యూటర్ డబ్బాకీ మధ్య చైతూ బొమ్మ లారీ చక్రం కనపడింది. దాని కోసం వాడు నెల రోజులుగా ఇల్లు పీకి పందిరేశాడు. చెయ్యి దూర్చి అందుకుంటూ, డబ్బా వెనక వైపు చూసింది. వైరు గుచ్చే రంధ్రాలు వరసగా ఉన్నాయి. కాటా వైరు పై రంధ్రంలో ఉంది. దాని చుట్టూ కోటేష్ చేతి మురికి నల్లగా ఉంది. కింది రంధ్రాల్లో ఏ వైరూ లేదు. కానీ వాటి అంచుల నిండా పసుపు.

శ్రీరమ్య బల్ల కిందే కూర్చుండిపోయింది.

"బాబాయ్!" అని కేకేసింది. యలమందయ్య తొంగిచూశాడు.

"పూజకి తుడిచేటప్పుడు వైర్లు పీకుతావా?"

"పీకకపోతే ఎట్టా తల్లీ? తడిగుడ్డ కదా. కరెంటు కొడతది. అన్నీ పీకి, శుభ్రంగా తుడిచి, మళ్లీ పెట్టేస్తా."

"ఏ రంధ్రంలో పెడతావు?"

"ఏది పడితే దాంట్లో పెడతా. అన్నీ ఒకటే సైజు గదా."

అప్పుడు ఆమెకు తన చెయ్యి గుర్తొచ్చింది. శుక్రవారాలు జుమ్మా తర్వాత అంకె రాకపోవడం, తను పోర్టు నంబరు మార్చడం. పాత కంప్యూటర్ ఉన్న రోజుల నుంచీ చేస్తున్న పని. వైరు రంధ్రం మారితే నంబరు మారుతుంది, నంబరు సరిచేస్తే పాత కంప్యూటర్ హాయిగా నడిచేది. చేతికి అంత అలవాటైపోయింది కాబట్టే, అది కంటికి కనపడలేదు. దసరా తర్వాత కోటేష్ ఈ సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ తెచ్చాడు. బిల్లుల కోసం దానికి ఇంటర్నెట్ కూడా కలిపాడు. పై రంధ్రానికి పాత సీడీలోని డ్రైవర్ వేసి వెళ్లాడు. వైరు వేరే రంధ్రంలోకి వెళ్తే కంప్యూటర్‌కి అది కొత్త వస్తువే. కొత్త వస్తువుకి అది తనంతట తాను ఇంటర్నెట్‌లోంచి కొత్త డ్రైవర్ తెచ్చుకుంటుంది. పరికరాల పట్టిక తెరిచి చూసింది. ఒకే వైరు అందులో రెండు మూడు చోట్ల ఉంది. ఒక చోట పాత డ్రైవర్, మిగతా చోట్ల కొత్తది. ప్రతి శనివారం కోటేష్ చెయ్యి అలవాటు కొద్దీ వైరుని పై రంధ్రంలోకే తోసేది. అందుకే వారమంతా బాగుండేది. తెర పడని ఆ ఒక్క శుక్రవారం యలమందయ్య చెయ్యి కూడా పై రంధ్రం మీదే పడి ఉండాలి.

అనుకోవడం వేరు, తేలడం వేరు. ఒక్కటే మార్చి చూడాలి. ఇవాళ పిల్లవాడు లేడు, జుమ్మా లేదు, పూజ లేదు. వైరు పీకి కింది రంధ్రంలో పెట్టింది. పోర్టు నంబరు మార్చింది. రైతుల బండ్లతో ఆ ఆట ఆడకూడదు. వరస ఖాళీ అయ్యేదాకా ఆగి, మిల్లు సొంత ట్రాక్టరు నడిపే రంజాన్‌ని పిలిచింది.

"రంజాన్ అన్నా, ఊరికే కాటా ఎక్కి దిగుతావా?"

"ఊరికేనా?"

"ఊరికే. నేను చెప్పేదాకా."

"ఏం అమ్మాయ్, ఎండ దెబ్బ తగిలిందా? డీజిల్ ఎవడు పోస్తాడు?"

అంటూనే ఎక్కాడు. ఎక్కాడు, దిగాడు. మళ్లీ ఎక్కాడు. ఆమె ప్రతిసారీ బరువు పట్టే మీట నొక్కింది. ఏమీ కాలేదు. యలమందయ్య గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కాసేపటికి ఆమెకు ఏడుపొచ్చింది. ఇదీ కాకపోతే ఇంకేమీ లేదు. ఇక బిస్కెట్ ముక్కే మిగులుతుంది. కంప్యూటర్ కూలిపోవాలని దేవుడికి మొక్కుకున్నది తనొక్కతేనేమో.

మిల్లు వైపు నుంచి అలీ సాహెబ్ కేక వినపడింది. "ఏరా రంజాన్! కాటా మీద ఉయ్యాలూగుతున్నావా? నీ ఇంట్లో పెట్రోలు బంకు గానీ ఉందా?"

ఆయన గదిలోకి అడుగు పెట్టడం, ఆమె మీట నొక్కడం, తెర నీలం కావడం ఒక్కసారే జరిగాయి. పక్కకు తిరిగిన ఏడుపు మొహం. శ్రీరమ్య నవ్వేసింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలీ సాహెబ్ తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు. బల్ల కిందా, తలుపు వెనకా వెతికినట్టు చూశాడు.

"ఇవాళ గురువారం కదా" అన్నాడు మెల్లగా.

"అవునండి."

"పిల్లోడు లేడు?"

"ఇంటి దగ్గర వాళ్ల నాయనమ్మతో ఉన్నాడండి."

ఆయన కూర్చున్నాడు. "సరే, చెప్పు."

ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "కంప్యూటర్‌కి కాటా మాట అర్థం కాదండి. మధ్యలో ఒక దలారి ఉంటాడు. కాటా చెప్పింది ఇతను దానికి చెప్తాడు. పై రంధ్రానికి కోటేష్ పెట్టిన పాత దలారి ఉన్నాడు. కింది రంధ్రాల్లో వైరు పెడితే కంప్యూటర్ బయట నుంచి కొత్త దలారిని తెచ్చుకుంటోంది. అతనికి మన వైరు పడట్లేదు. కాసేపు నెట్టుకొస్తాడు, ఎక్కడో తికమకపడి మొత్తం దుకాణమే కూలగొడతాడు."

దలారి అనగానే అలీ సాహెబ్‌కి సగం అర్థమైపోయింది. నలభై ఏళ్లుగా దలారులతోనే ఆయన బతుకు. "దొంగోడా?"

"దొంగ కాదండి. మన సరుకు తెలియనోడు."

"మరి శుక్రవారమే..." అని ఆయన ఆగాడు. గుమ్మంలో నిలబడ్డ యలమందయ్య వంక చూశాడు. యలమందయ్య తన చేతులు చూసుకున్నాడు. గోళ్లలో ఎప్పటిదో పసుపు.

"నా చేత్తోనా తల్లీ? ఇన్నాళ్లూ బుడ్డోణ్ణి అంటుంటే నేనూ ఇక్కడే నిలబడి విన్నానే."

ఇప్పుడు ఒక్క మాట చాలు, కొడుకు మీది నింద తీసి ఆ ముసలాయన నెత్తిన పెట్టొచ్చు. దించే చోటు దొరికితే బరువు ఎంత తొందరగా చేతులు మారుతుందో శ్రీరమ్యకి తెలుసు. ఆ వారమంతా ఆమె మోసింది అదే.

"నువ్వు పెట్టింది తప్పు కాదు బాబాయ్. ఏ రంధ్రంలో పెట్టినా పని చెయ్యాలి. చెయ్యకపోవడం డ్రైవర్ తప్పు. మార్చాల్సింది దాన్ని."

"అయితే పూజ?" అన్నాడు అలీ సాహెబ్.

"పూజ ఉంటుందండి. తుడవకపోతే ఈ నూగుకి డబ్బా వేడెక్కి చస్తుంది."

అలీ సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. "రేపు జుమ్మా నుంచొచ్చి నేనే ఇక్కడ కూర్చుంటా. యలమందయ్య పూజ చెయ్యనీ, నీ కొడుకూ రానీ. పడిపోలేదా, సరే. పడిపోయిందా, మాలిక్ కూర్చుంటాడు. నేను రైతులకి జవాబు చెప్పలేకపోతున్నానమ్మా."

కోటేష్‌కి ఫోన్ చేస్తే, మొత్తం విన్నాడు. తర్వాత, "ఆ వైరు డూప్లికేటు అక్కా. అందరికీ అదే వేస్తాం. కొత్త డ్రైవర్‌కి అందులోని చిప్పు పడదు, విన్నాను. బిస్కెట్ చూసి వదిలేశా" అని నవ్వాడు. పాత డ్రైవర్ ఫోన్‌కి పంపించాడు. ఆమె కొత్తదాన్ని కంప్యూటర్‌లోంచి వేళ్లతో సహా తీసేసింది. మళ్లీ తనంతట తాను తెచ్చుకోకుండా కట్టడి చేసింది. వైరుని ఒక్కో రంధ్రంలో పెట్టి, అన్నిటికీ పాతదే వచ్చిందని చూసుకుంది. రంజాన్ మళ్లీ ఎక్కి దిగాడు. ఈసారి డీజిల్ గురించి అడగలేదు. నీలం తెర రాలేదు. కానీ రాకపోవడం ఎప్పుడూ రుజువు కాదు. రేపటికి రాకపోతేనే.

శుక్రవారం సంచి మళ్లీ ఉబ్బింది. చైతూ బొమ్మ లారీకి చక్రం వచ్చింది, అదొక్కటే తేడా. జుమ్మా వేళ ఆమె పంచలో అన్నం తినిపిస్తుంటే, లోపల యలమందయ్య తుడుస్తున్న చప్పుడు వినపడింది. ఆయన ఈసారి చాలాసేపు తుడిచాడు. లోపలికెళ్లి చూస్తే వైరు అట్టడుగు రంధ్రంలో ఉంది, చుట్టూ తాజా పసుపు. ఆయన మొహం పరీక్ష రాసొచ్చిన పిల్లాడి మొహంలా ఉంది.

"కావాలనే కింద పెట్టా తల్లీ" అన్నాడు.

అలీ సాహెబ్ టోపీ తియ్యకుండానే వచ్చి గోడ వార కూర్చున్నాడు. శ్రీరమ్య పోర్టు నంబరు మార్చింది, అంకె వచ్చింది. బండ్లు మొదలయ్యాయి. పత్తి, పత్తి, మిర్చి టిక్కీల లారీ. ఘాటుకి చైతూ దగ్గాడు, అలీ సాహెబ్ కూడా దగ్గాడు. వరసలో ద్రోణాదుల రైతు వచ్చాడు. కిటికీలోంచి, "ఇవాళ గారడీ లేదా?" అని అడిగాడు. అతను పత్తి దింపడానికి లోపలికి వెళ్లినంతసేపూ శ్రీరమ్య గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. ఖాళీ బండి పలక మీదికి వచ్చింది. అంకెలు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. ఆమె చెయ్యి మీట మీదికి వెళ్లబోతుండగా, కుర్చీ పక్క నుంచి రెండు చిన్న చేతులు లేచి కీబోర్డు మీద దబదబా పడ్డాయి.

ట్రాక్టరు నంబరు రాసే గడిలో ఇంగ్లీషు అక్షరాలు బారుగా వచ్చాయి, అంతే. ఆమె వాటిని చెరిపి, నంబరు మళ్లీ కొట్టి, మీట నొక్కింది. ప్రింటరు కీచుమని చీటీ బయటికి తోసింది. ద్రోణాదుల రైతు దాన్ని ఎండకేసి పట్టి రెండు బరువులూ చదువుకుని, జేబులో పెట్టుకుని ట్రాక్టరెక్కాడు.

ఎండ వాలేదాకా అలీ సాహెబ్ అక్కడే కూర్చున్నాడు. ఒక్కసారీ పడిపోలేదు. శ్రీరమ్య తనకి సంతోషం వస్తుందనుకుంది. వెన్ను నొప్పి, నిద్ర మాత్రం వచ్చాయి. ఆయన లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి, పలక వైపు చూశాడు. ఒక ట్రాక్టరు వెనక్కి వస్తోంది. గుమ్మానికీ ఆ చక్రాలకీ ఎంత దూరమో ఆయనా చూశాడు. ఆమె ప్రతి శుక్రవారం చూసేదే. గుమ్మానికి అడ్డంగా జాన పరిచి కొలవడం మొదలుపెట్టాడు.

"యలమందయ్యా, వడ్రంగిని పిలువు. ఇంత ఎత్తున సగం తలుపు పెట్టాలి. గడియ బయట వైపు, పైన. వీడి చేతికి అందకూడదు."

"ఎప్పటికండి?" అన్నాడు యలమందయ్య.

"వచ్చే శుక్రవారం లోపు" అంటూ చెప్పులేసుకుని మిల్లు వైపు వెళ్లిపోయాడు.

శ్రీరమ్య కుర్చీలో వెనక్కి వాలింది. చైతూ తెర ముందు నిలబడి అటూ ఇటూ వంగి వెతుకుతున్నాడు.

"అమ్మా, ఏడుపు మొహం ఏదీ?"

"వెళ్లిపోయింది నాన్నా."

"ఎప్పుడొత్తది?"

ఆమె వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, వాడి జుట్టులో చిక్కుకున్న పత్తి నూగు ఒక్కొక్కటే తీసింది. కిటికీ బయట ఇంకో ట్రాక్టరు హారన్ కొట్టింది. నంబరు అడిగి, గడిలో కొట్టడం మొదలుపెట్టింది.